లోక్ అదాలత్‌లో బాకీ పరిష్కారమయ్యాక బ్యాంకు ఖాతా, కొత్త రుణం దొరకడం ఎలా?

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్కారం. గాజువాకలో నాకు చిన్న ఎలక్ట్రికల్ సామాను దుకాణం ఉండేది. కోవిడ్ తరువాత వ్యాపారం మళ్లీ నిలదొక్కుకోలేదు. దాంతో ఒక బ్యాంకులో తీసుకున్న వ్యక్తిగత రుణం, అదే బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీ రెండూ మొండి బకాయిలైపోయాయి. చివరకు 2023లో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. మొత్తం 4,10,000 రూపాయల బాకీకి 1,75,000 రూపాయలు మూడు వాయిదాల్లో కట్టేలా అవార్డు (రాజీ తీర్పు) రాశారు. మా ఆవిడ గొలుసు అమ్మి మూడు వాయిదాలూ గడువులోపే కట్టేశాను.

ఇప్పుడు పరవాడలో ఒక కంపెనీ స్టోర్స్‌లో ఉద్యోగం దొరికింది. జీతం ఖాతా ఆ బ్యాంకులోనే తెరవాలని కంపెనీవారు అంటున్నారు. శాఖకు వెళితే అక్కడి ఉద్యోగి కంప్యూటరు చూసి, "మీ పేరు మీద పాత కేసు ఉందండీ, ఖాతా ఇవ్వడం కష్టం" అన్నారు. ఒకవేళ ఇచ్చినా, జీతం పడగానే పాత బాకీ కింద జమ వేసుకుంటారేమోనని నాకు భయంగా ఉంది. గత నెల వేరే సంస్థలో స్కూటర్ రుణానికి అడిగితే సిబిల్ (అప్పుల చెల్లింపు చరిత్ర తెలిపే స్కోరు) చూసి కాదన్నారు. వీటన్నిటికన్నా పెద్ద దిగులు మా అమ్మాయి గురించి. ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, వచ్చే ఏడాది ఇంజనీరింగులో చేరుతుంది. నా మూలంగా దానికి విద్యా రుణం రాకుండా పోతుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (విశ్రాంత బ్యాంకు అధికారి, సీతమ్మధార)

మీరు దిగులు పడుతున్న విషయాల్లో కొన్ని వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి చెబుతాను. ముందుగా ఒక మాట: మీరు అప్పు ఎగ్గొట్టలేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, అది ఇరుపక్షాలనూ కట్టిపడేస్తుంది. అవార్డులో చెప్పిన మొత్తం మీరు చెల్లించారు కనుక ఆ బాకీ పేరుతో మిమ్మల్ని ఇక ఒక్క రూపాయి కూడా అడిగే హక్కు బ్యాంకుకు లేదు.

ఖాతాకూ, అప్పుకూ సంబంధం లేదు. పొదుపు ఖాతా తెరవడానికి కావలసింది ఆధార్, పాన్ వంటి గుర్తింపు పత్రాలు. సిబిల్ స్కోరు అప్పు ఇచ్చేటప్పుడు చూసేది. కనీస నిల్వ అవసరం లేని ప్రాథమిక పొదుపు ఖాతా, జన్‌ధన్ ఖాతా సరిగ్గా ఇలాంటివారి కోసమే ఉన్నాయి. అయితే మీ భయంలో కొంత నిజం ఉంది. తనకు రావలసిన బాకీని అదే ఖాతాదారు డబ్బులోంచి సర్దుబాటు చేసుకునే అధికారం బ్యాంకులకు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షనులో దీని మూలం కనిపిస్తుంది. కానీ బాకీయే లేనప్పుడు సర్దుబాటుకు తావు లేదు. చాలాసార్లు జరిగేదేమిటంటే, రాజీ సొమ్ము రికవరీ విభాగానికి చేరుతుంది, శాఖలోని కంప్యూటరులో పాత హోల్డ్ గుర్తు (ఖాతాను ఆపి ఉంచే సూచన) మాత్రం ఎవరూ తీసేయక అలాగే ఉండిపోతుంది. మీకు ఎదురైంది అదేనని నా అనుమానం.

కనుక ముందు అవార్డు నకలు, మూడు వాయిదాల రసీదులు జతచేసి, బకాయి లేదన్న ధ్రువపత్రం ఇవ్వమనీ, ఆ గుర్తు తొలగించమనీ శాఖ మేనేజరుకు లిఖితపూర్వకంగా అర్జీ ఇవ్వండి, రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకోండి. అవార్డు నకలు మీ దగ్గర లేకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల అధికార సంస్థ కార్యాలయంలో అడగండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. ఈ పని పూర్తయ్యేవరకు జీతం వేరే బ్యాంకులో పడేలా కంపెనీవారిని అడగడం మంచిది. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

అప్పు సంగతి వేరు. రాజీ చేసుకున్న రుణగ్రహీతకు, వ్యవసాయేతర రుణాల విషయంలో, మళ్లీ కొత్త రుణం ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలని రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో చెప్పింది. మీకు ఆ గడువు దాటింది. ఇక అడ్డు వచ్చేది మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ నివేదికలోని ‘సెటిల్డ్’ (పూర్తిగా కాక, తగ్గించిన సొమ్ముకు రాజీ అయింది) అన్న మాట. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు ఈ నివేదికలు తయారుచేస్తాయి, ఒక్కొక్కటీ ఏడాదికి ఒక్కసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించుకుని చదవండి. ‘సెటిల్డ్’ అని ఉండడం నిజమే కనుక దాన్ని ఎవరూ ఊరికే చెరపలేరు, చెరుపుతామని ఫోన్ చేసేవారికి డబ్బులిచ్చి మోసపోకండి. కానీ ‘ఓవర్‌డ్యూ’ (గడువు దాటిన బాకీ) గడిలో సున్నా కాకుండా ఇంకేదైనా అంకె ఉంటే అది తప్పు, దాన్ని దిద్దించుకునే హక్కు మీకుంది.

జవాబు (మద్దిలపాలెం నుంచి)

పై పెద్దాయన చెప్పిన ఆ చివరి మాట నా విషయంలో అక్షరాలా జరిగింది. నేను కార్డు బాకీకి రాజీ సొమ్ము కట్టి, ఉత్తరం కూడా తీసుకుని, అయిపోయిందనుకున్నాను. ఏడాదిన్నర తరువాత నివేదిక తెరిచి చూస్తే ‘రిటన్ ఆఫ్’ (వసూలు కాదని బ్యాంకు లెక్కల్లో కొట్టేసిన బాకీ) అనీ, దాని పక్క గడిలో 62,480 అనీ ఉంది. నెలవారీ గడుల్లో 030, 060, 090 అంటూ ఆలస్యమైన రోజుల లెక్క, ఆ తరువాత కట్టిన డబ్బు జాడే లేదు. అదే అంకె చూసి రెండు చోట్ల రుణం కాదన్నారు.

నివేదిక ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులో వివాదం నమోదు చేసి, రాజీ ఉత్తరం స్కాన్ చేసి పంపాను. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది, ఆ మాట నా అర్జీలో స్పష్టంగా రాశాను. ఐదో వారంలో అంకె సున్నా అయింది. ఆ తరువాత ఇంకో బ్యాంకులో 20,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నాను. కరెంటు బిల్లు, గ్యాసు తప్ప దాని మీద ఏమీ కొనను, బిల్లు మొత్తం గడువుకు వారం ముందే కట్టేస్తాను. స్కోరు నెమ్మదిగానే పెరిగింది, కానీ పెరిగింది.

ఒక సంగతి మాత్రం అనుభవంతో చెబుతున్నాను: ఒకచోట కాదన్నారని వెంటనే నాలుగు చోట్ల, ఫోన్ యాప్‌లలో అప్పుకు అర్జీలు పెట్టకండి. ప్రతి అర్జీ నివేదికలో విచారణగా నమోదవుతుంది, తరువాత చూసేవారికి మనం అప్పు కోసం తహతహలాడుతున్నట్టు కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు (గాజువాక)

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. రేపే శాఖకు అర్జీ తీసుకెళతాను. ఇంకొక్క సందేహం. తగ్గించిన 2,35,000 కూడా కట్టేస్తే ‘సెటిల్డ్’ తీసి ‘క్లోజ్డ్’ అని మారుస్తారని ఒకరు చెప్పారు. ఎలాగోలా కూడబెట్టి కట్టేయమంటారా?

జవాబు (విశ్రాంత బ్యాంకు అధికారి, సీతమ్మధార)

కొన్ని బ్యాంకులు అలా మారుస్తాయి, కానీ మారుస్తామని ముందుగా కాగితం మీద రాసిస్తేనే కట్టాలి. ఏడాది రెండేళ్లలో ఇంటి రుణం తీసుకోబోయేవారికైతే అది ఆలోచించదగ్గ మార్గం. మీకు వద్దని నా అభిప్రాయం. చట్టప్రకారం తీరిపోయిన బాకీకి ఆ డబ్బు పోయడం కన్నా, అందులో సగం కూడబెట్టగలిగినా అమ్మాయి మొదటి సంవత్సరం ఖర్చులకు ఉంచండి.

విద్యా రుణంలో తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా ఉంటారు, వారి నివేదికనే చూస్తారు. మీ ఆవిడ మీ పాత రుణాల్లో సహ రుణగ్రహీతగా గానీ, హామీదారుగా గానీ సంతకం చేయకపోతే ఆమె నివేదికలో మీ బాకీ ఛాయ కూడా ఉండదు. ఆమె డ్వాక్రా సంఘంలో ఉండి వాయిదాలు సక్రమంగా కడుతూ ఉంటే ఆ మాట బ్యాంకులో తప్పక చెప్పండి. 7,50,000 రూపాయల వరకు విద్యా రుణానికి సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో ప్రతిభ ఆధారంగా సీటు వచ్చినవారికి తాకట్టూ, హామీదారూ లేకుండా రుణం ఇస్తారు. కాబట్టి కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టేముందే ఆ జాబితా దగ్గర పెట్టుకుని కూర్చోండి. రుణం అర్జీలో ఎక్కడైనా గత బాకీల గురించి అడిగితే దాచకండి, అవార్డు నకలూ, బకాయి లేదన్న పత్రమూ జతచేసి ఇవ్వండి. నేను మేనేజరుగా ఉన్నప్పుడు దాచిన ఫైలును పక్కన పెట్టాను కానీ, కాగితాలతో సహా ముందే చెప్పినవారి ఫైలును చదవకుండా తిప్పి పంపలేదు.