పరాయి దేశం వెళ్ళిన కొత్తలో ఇంటికి రోజూ ఫోన్ చేయడం మనసుకు మేలా, కీడా?

దేవరకొండవాసి (షికాగో): ఈ ఆగస్టులో చదువులకు బయలుదేరుతున్న నల్లగొండ, పాలమూరు పిల్లలకు నా సలహా ఒక్కటే: మొదటి ఆరు నెలలు ఇంటికి వారానికి ఒక్కసారే ఫోన్ చేయండి. మొదట అంతా అబ్బురంగా ఉంటుందనీ, తరువాత ప్రతిదీ చికాకు పుట్టిస్తుందనీ, అది దాటాకే మనిషి కుదురుకుంటాడనీ మానవ శాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్ 1960లోనే రాశారు. ఆ చికాకు రోజుల్లో ఫోన్‌లో ఇంటి వాకిలి చూస్తూ కూర్చునేవారికి పక్క గదిలో ఉన్నదెవరో కూడా తెలియదు.

మిర్యాలగూడ తల్లి: నాయనా, డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయికీ ఎవరో ఇదే చెప్పినట్టున్నారు, ఆదివారం తప్ప మాట్లాడడు. మిగిలిన ఆరు రోజులూ వాడు తిన్నాడో లేదో తెలియక నేను పడే బాధ ఏ పుస్తకంలో రాశారు?

దేవరకొండవాసి: అమ్మా, చలికాలంలో మీకూ డల్లాస్‌కూ పదకొండున్నర గంటల తేడా. మీకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఉదయం తొమ్మిదిన్నర, తరగతికి వెళ్ళే వేళ. రోజూ ఎలా కుదురుతుంది?

గద్వాల (దుబాయ్): మాకు గంటన్నరే తేడా. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు కనుక బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో రోజూ మాట్లాడతాను, నాకు మేలే జరిగింది.

వనపర్తి: మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డల్లాస్‌తో తేడా పదిన్నర గంటలే.

మిర్యాలగూడ తల్లి: చూశారా, పదిన్నరే! మనసుంటే వేళ దొరుకుతుంది.

దేవరకొండవాసి: గంటల సంగతి వదిలేద్దాం. ఫోన్ ఎత్తగానే మీరు అడిగే మొదటి మాట ఏమిటి? మా ఇంట్లో అయితే ఉద్యోగం, ఆ తరువాత అప్పు. నా ఫీజు కోసం పొలం కుదువపెట్టారు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆ చీకట్లో ఒంటరిగా కూర్చుని ‘బాగున్నాను’ అని రోజూ అబద్ధం చెప్పలేకే నేను ఫోన్లు తగ్గించాను. నిజం చెబితే తిరిగి రమ్మంటారు, వస్తే అప్పు ఎవరు తీరుస్తారు?

మిర్యాలగూడ తల్లి: రమ్మనడానికి తల్లికి హక్కు లేదా? మేము మాత్రం నిజం చెబుతున్నామా? వాళ్ళ నాన్నను హైదరాబాదు ఆసుపత్రిలో చేర్చిన సంగతి, పరీక్షలు పాడవుతాయని వాడికి నెల దాకా చెప్పలేదు.

గద్వాల (దుబాయ్): అక్కా, అది దాచకూడదు. నాకూ అలాగే దాచారు, ఆ కోపం ఇంకా పోలేదు.

నాగర్‌కర్నూల్: నిద్రా ఆకలీ వారాల తరబడి పోతే ఇంటివారి కోసం ఆగవద్దు. విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్ కేంద్రాలు ఉంటాయి. మనసు బాగా కుంగినప్పుడు సాయం అడగడానికి అమెరికాలో 2022 జూలై నుంచి 988 నంబరు ఉంది. ఇక్కడి తల్లిదండ్రులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మిర్యాలగూడ తల్లి: ముక్కూమొహం తెలియనివారికి చెప్పుకునే బాధ కన్నతల్లికి ఎందుకు చెప్పరాదు?

దేవరకొండవాసి: వాళ్ళు పొలం సంగతి అడగరు కాబట్టి.

మిర్యాలగూడ తల్లి: సరే, వచ్చే ఆదివారం మా వాడి దగ్గర అప్పు ఊసెత్తను. రోజూ ఫోన్ చేయమని మాత్రం అడుగుతాను, అది మానుకునేది లేదు.