చేపల రాడ్ మీద ఎపాక్సీ మార్బ్లింగ్ చేయించాలా, వద్దా?

యారాడరాళ్లు:
వైజాగ్ దగ్గర యారాడ రాళ్ల మీద నుంచి పార చేపలకి గాలం వెయ్యడానికి తొమ్మిదడుగుల కార్బన్ బ్లాంక్ (పిడి, రింగులు బిగించని ఒట్టి కడ్డీ) తెప్పించుకున్నాను. రాడ్ కట్టే అన్న పిడికి పైభాగాన జానెడు మేర మార్బ్లింగ్ (రంగులు కలిపిన ఎపాక్సీ జిగురుని చలువరాతి చారల్లా పూయడం) వేస్తానంటున్నాడు, నీలం, తెలుపు, మధ్యలో కొంచెం బంగారు రంగు. దానికి విడిగా రెండు వేలు. మా చిన్నాన్నేమో రాడ్ చేప కోసమా, చూసేవాళ్ల కోసమా అని కోప్పడుతున్నాడు. బరువెక్కుతుందని ఒకరు, పగులుతుందని ఇంకొకరు. వాడినవాళ్లు చెప్పండి, బ్లాంక్ ఇంకా ఇంట్లోనే ఉంది.

కోనాంవేట:
వద్దు. నాది అనుభవంతో చెప్తున్న మాట. మూడేళ్ల కిందట ఒకాయన దగ్గర కట్టించుకున్నాను, పేరు అనవసరం. పిడి దగ్గర మొదలుపెట్టి మొదటి గైడ్ (గాలం దారం, అంటే లైన్ వెళ్లే రింగు) దాటేదాకా మార్బ్లింగ్ వేశాడు, చూడ్డానికి నెమలి మెడలా ఉండేది. రెండో ఏడాదికి గైడ్ కింద వెంట్రుకంత సన్నగా ఉంగరంలా గీతలు పడ్డాయి, ఉప్పునీళ్లు దిగి ఆ గీతలు తెల్లబడ్డాయి. అది కూడా సర్దుకున్నాను. అప్పికొండ దగ్గర రాళ్ల మీద పడింది ఒకసారి, పైన రంగు కాబట్టి లోపల బ్లాంక్‌కి ఏమైందో కనపడలేదు. మళ్లీ వారం మంచి చేప పట్టింది, సరిగ్గా అక్కడే ఫట్‌మని విరిగింది. ఒట్టి కార్బన్ అయితే గోరుతో గీసి చూసుకుంటాం, దెబ్బ తెలిసిపోతుంది. రంగు వేస్తే కళ్లు మూసుకున్నట్టే.

లక్కరంగు:
మీ రాడ్ సంగతి చదివి బాధేసింది కోనాంవేట గారూ, కానీ మీకు అన్యాయం చేసింది మార్బ్లింగ్ అనను, దాన్ని వంగే చోటికి సాగదీసినవాడు చేశాడు. నేను ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే రాడ్లు కట్టుకుంటాను, ఆరేళ్లయింది, నావి, స్నేహితులవి.

ముందు బరువు లెక్క. పిడి పైన బ్లాంక్ 16 మిల్లీమీటర్ల లావు అనుకుందాం, 20 సెంటీమీటర్ల పొడవున ఒక మిల్లీమీటరు మందం పూస్తే పట్టే ఎపాక్సీ దాదాపు 11 మిల్లీలీటర్లు, అంటే ఓ 12 గ్రాములు. అది లైన్ చుట్టే రీల్ పక్కన, చేతికి ఆనుకుని ఉంటుంది, ఆ సైజు రీలే దాదాపు అరకిలో తూగుతుంది. అదే 12 గ్రాములు కొస గైడ్ల మీద ఉంటే మాత్రం రాడ్ పాడైపోతుంది, విసిరాక కొస ఊగుతూనే ఉంటుంది. బరువు గురించి భయపడేవాళ్లు కొసన కారేలా పూసిన పూతని చూసుకోండి ముందు.

పగులు విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. బ్లాంక్ వంగినప్పుడు పూత ఎంత మందంగా ఉంటే దాని పైపొర అంత ఎక్కువ సాగాలి, ఎపాక్సీకి అంత సాగుడు లేదు. అందుకే మార్బ్లింగ్ పిడి పైన గట్టిగా నిలబడే భాగానికే పరిమితం, మొదటి గైడ్‌ని కట్టిన దారపు చుట్టుకి మూడు వేళ్ల దూరంలోనే ఆగిపోవాలి.

ఇక ఆ పని. బ్రష్‌తో గీస్తారనుకుంటారు చాలామంది. ముందు బ్లాంక్ మీద తెల్లదో నల్లదో ఒక అడుగుపూత వేసి ఆరబెడతాం. ఎపాక్సీలోని రెండు భాగాలు, రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, సమపాళ్లు సిరంజీలతో కొలిచి (కంటి కొలత పెట్టినవాళ్ల రాడ్లు నెలల తరబడి జిగటగా ఉండిపోతాయి) బాగా కలిపి, చిన్న కప్పుల్లోకి పంచుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు మైకా (అభ్రకం) పొడి. తర్వాత ఆగాలి. పల్చగా ఉండగా వేస్తే రంగులన్నీ కలిసి బురదౌతాయి, తీగపాకం దాటాక వేస్తే కదలవు. ఆ మధ్యలో దొరికే కొద్ది నిమిషాల్లో పొడుగునా గీతలుగా వేసి బ్లాంక్‌ని చేత్తో తిప్పుతాం. సగం చుట్టులో ఆపితే తెల్ల గీత కిందికి జారి ఉబ్బుతుంది, చివర తోకలా సన్నబడుతుంది, ఇటు తిప్పితే మళ్లీ వెనక్కొస్తుంది గానీ వచ్చిన దారిన రాదు. రుషికొండలో అల వెనక్కి వెళ్లేటప్పుడు ఇసుక మీద నురుగు వదిలే గీత చూశారా, అలా. స్పిరిట్ దీపం మంట దూరం నుంచి చూపిస్తే బుడగలు పైకొచ్చి పగిలిపోతాయి. ఆ తర్వాత నెమ్మదిగా తిరిగే మోటారు మీద రాత్రంతా. నాకు ఏటికొప్పాక లక్కబొమ్మల పని గుర్తొస్తుంది ప్రతిసారీ. అక్కడ తిరిగే అంకుడు కర్రకి లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, ఇక్కడ రెసిన్ తనంతట తనే గట్టిపడుతుంది. తిరిగే కర్ర మీద రంగుని నిలబెట్టడం మన జిల్లాల్లో పాత విద్యే.

కోనాంవేట:
బరువు లెక్క ఒప్పుకుంటున్నాను, ఆ సంగతి నాకు తట్టలేదు. ఏటికొప్పాక బొమ్మకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, మాకూ గర్వమే. కానీ బొమ్మని అద్దాల బీరువాలో పెడతాం, రాడ్‌ని రాళ్ల మీద ఆనిస్తాం. దెబ్బ కనపడకపోవడం గురించి మీరేం చెప్పలేదు. పైగా ఆ రెండు వేలకి సిలికాన్ కార్బైడ్ రింగులున్న గైడ్లు వేయించుకోవచ్చు. బ్రెయిడ్ లైన్ (అల్లిన గాలం దారం) నాసిరకం రింగుల్ని కోసేస్తుంది, గాడి పడిన రింగు లైన్‌ని కోసేస్తుంది, చేప పోతుంది.

జాలారిపేటవాణ్ణి:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మాది ఫైబర్ పడవ. అదీ రెసినే, పైన జెల్‌కోట్ రంగు పూతే. పడవ దేనికైనా గుద్దుకుంటే ఆ పూత మీద సాలెగూడులా పగుళ్లొస్తాయి, వాటిని చూసే లోపల దెబ్బ ఎక్కడుందో మా నాన్న చెప్పేస్తాడు. కాబట్టి పూత దెబ్బని దాచేస్తుందని పూర్తిగా అనలేం, ఒక్కోసారి అదే చూపిస్తుంది. కానీ మందంగా పూసిన చోట దెబ్బ లేకపోయినా పగులుతుంది, అప్పుడు ఏది ఏదో తెలీదు. పల్చగా వేయించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మేం పడవకి రంగులేస్తాం, ఆ రంగుకి చేపలు పడతాయా అని ఇంతవరకు మమ్మల్నెవరూ అడగలేదు.

లక్కరంగు:
మీ మాటతో నా పని తేలికైంది తమ్ముడూ. కోనాంవేట గారూ, దెబ్బ విషయంలో మీ భయం నాకూ ఉంది, అందుకే నేను చుట్టూ వేయను. రీల్ వైపు ఒక వేలెడు పట్టీ ఒట్టి కార్బన్‌గా వదిలేసి దాని మీద పారదర్శకమైన పూత ఒక్కటే వేస్తాను. మొత్తం చుట్టుకొలతకి అది హామీ కాదు, కానీ ఏమీ లేనిదానికంటే నయం. గైడ్ల విషయంలో వాదన లేదు, డబ్బు ఒకదానికే ఉంటే గైడ్లకే పెట్టాలి.

యారాడరాళ్లు గారూ, ఒక్కటి అడగండి మీ అన్నని, పూత ఎక్కడ ఆరబెడతాడో. జూలై నుంచి అక్టోబరు దాకా మన ఊరి గాలిలో తేమకి హార్డెనర్ పూత పైన మైనంలాంటి పొర కడుతుంది, మెరుపు పోయి మబ్బు పట్టినట్టు అవుతుంది. ఏసీ గదిలో చేస్తేనే ఇప్పుడు వేయించండి. సిరంజి లోపల రాసే సిలికాన్ జిడ్డు కలిసినా పూత చేప కళ్లలా గుంటలు పడుతుంది, అందుకని జిడ్డు లేని సిరంజీలు వాడతాడో లేదో కూడా.

యారాడరాళ్లు:
అడిగాను. డాబా మీద రేకుల గదిలో ఆరబెడతాడట. ఇప్పుడైతే గైడ్లు మాత్రం వేయించుకుంటాను, మంచివి. మార్బ్లింగ్ జనవరిలో, తేమ తగ్గాక, అరమిల్లీమీటరు మందానికి మించకుండా, గైడ్ చుట్టుకి మూడు వేళ్ల ముందు ఆపి. చిన్నాన్నకి చెప్తే ఏమీ అనలేదు, నీలం కాస్త ముదురుగా ఉండనీ అన్నాడు.

కోనాంవేట:
మూడు వేళ్ల దూరానికి, పల్చని పూతకి ఒప్పుకుంటాను. రంగుకి నేను ఇప్పటికీ వద్దనే అంటాను. వేయించాక మాత్రం ఫోటో పెట్టండి, పగుళ్లు వస్తే అవి కూడా.