పంచాయతీ పోలింగ్‌లో ఛాలెంజ్ ఓటు: ఏజెంట్ ఎప్పుడు లేవాలి, ఏం చూపించాలి?

కొత్త_ఏజెంట్:
మాది జగిత్యాల వైపు పల్లె. సర్పంచ్ అభ్యర్థి తరఫున మా వార్డు పోలింగ్ కేంద్రంలో ఏజెంటుగా కూర్చోవాలి. జాబితాలో గల్ఫ్‌కు పోయినవాళ్లు, హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లు, చనిపోయినా పేరు తీయనివాళ్లు చాలామందే ఉన్నారు. వీళ్ల పేర్ల మీద వేరేవాళ్లు వస్తే ఎట్లా ఆపాలి? డబ్బు కట్టాలంటున్నారు, నిజమేనా? హైదరాబాద్‌లో కూడా ఓటున్నవాళ్లను ఇక్కడ వేయకుండా ఆపొచ్చా? ఇంకోటి, మా యువజన సంఘం పిల్లలు ఇద్దరు లోపల కూర్చుని పరిశీలిస్తామంటున్నారు. కుదురుతుందా?

పీవో_రిటైర్డ్:
ముందు హైదరాబాద్ సంగతి తేల్చేద్దాం, ఎక్కువ గొడవలు అక్కడే మొదలవుతాయి. ఛాలెంజ్ అనేది ఒక్క మాట మీదే నిలుస్తుంది: "ఈ మనిషి జాబితాలో ఉన్న ఆ మనిషి కాదు". ఊళ్లో ఉండడు, ఇంకోచోటా ఓటుంది, వయసు నిండలేదు, ఇంటి నంబరు తప్పు... ఇవేవీ ఛాలెంజ్ కిందికి రావు. తుది జాబితాలో పేరుండి, వచ్చినవాడు అతనే అయితే ప్రిసైడింగ్ అధికారి (పోలింగ్ కేంద్రం బాధ్యుడు) బ్యాలెట్ ఇచ్చి తీరాలి. పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే వార్డులవారీగా తీస్తారు కాబట్టి పేరు తీయించాలంటే ముందే అక్కడ ఫారం 7 ఇవ్వాల్సింది. పంచాయతీ ముసాయిదా జాబితా వేసినప్పుడు అభ్యంతరం చెప్పాల్సింది. పోలింగ్ రోజు ఆ వాదన ఎత్తితే మీ మాటకు విలువ పోతుంది, తర్వాత నిజమైన దొంగ ఓటు పట్టుకున్నా నమ్మరు.

ఇక పద్ధతి. ఓటరు రాగానే మొదటి పోలింగ్ అధికారి జాబితా చూసి వరుస నంబరు, పేరు బిగ్గరగా చదువుతాడు. మీరు లేవాల్సింది సరిగ్గా అప్పుడే. బ్యాలెట్ చేతికి వెళ్లి పెట్టెలో పడిందంటే అది మిగతా కాగితాల్లో కలిసిపోతుంది, ఎవరూ వెనక్కి తీయలేరు. "ఛాలెంజ్ చేస్తున్నా" అని స్పష్టంగా చెప్పి ప్రిసైడింగ్ అధికారి దగ్గర నగదు జమ చేయాలి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో అది 2 రూపాయలు. పంచాయతీకి ఎంతో పోలింగ్ మొదలవకముందే అధికారిని అడిగి, చిల్లర జేబులో పెట్టుకోండి. 500 నోటు తీసి చిల్లర కోసం వెతుకుతుంటే వరుస ఆగిపోతుంది, బయట అరుపులు మొదలవుతాయి.

డబ్బు తీసుకున్నాక అధికారి ఆ వ్యక్తిని హెచ్చరిస్తాడు: వేరేవాడి పేరుతో ఓటేయడం నేరం, భారతీయ న్యాయ సంహిత 174వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు అని. జాబితాలోని ఎంట్రీ పూర్తిగా చదివి "ఇది నువ్వేనా" అని అడుగుతాడు. పేరు, చిరునామా ఛాలెంజ్ ఓట్ల జాబితాలో ఎక్కించి సంతకం లేదా వేలిముద్ర తీసుకుంటాడు. చాలామంది అసలు దొంగలు ఈ సంతకం దగ్గరే వెనక్కి తిరుగుతారు.

తర్వాత అక్కడికక్కడే చిన్న విచారణ. మొదట రుజువు చూపాల్సింది మీరు. "మా ఊళ్లో అందరికీ తెలుసు" అంటే చెల్లదు. అతను వేరే మనిషని చెప్పగల ఊరివాళ్లెవరో, అసలు ఓటరు ఫొటో ఏదో ముందే తయారుగా ఉంచుకోండి. అటువైపు వ్యక్తి తన గుర్తింపు చూపించాలి. అధికారి ప్రమాణం చేయించి ప్రశ్నలు వేయొచ్చు. వేరే మనిషని తేలకపోతే ఓటు వేయనిస్తాడు, తేలితే ఆపుతాడు. ఓడిపోయారంటే మీ డబ్బు పోయినట్లే.

చట్టం_చదివినోడు:
పైన చివరి మాట ఒక్కటి సవరించాలి అన్నా. ఛాలెంజ్ నిలవనంత మాత్రాన డబ్బు పోదు. పనిలేక వేసిందో, సద్బుద్ధి లేకుండా వేసిందో అని అధికారి తేల్చినప్పుడే జప్తు. మిగతా సందర్భాల్లో తిరిగి ఇస్తారు. ఈ భయంతోనే చాలామంది ఏజెంట్లు నోరెత్తరు.

యువజన సంఘం పిల్లల విషయం: కుదరదు. పోలింగ్ గదిలోకి సిబ్బంది, డ్యూటీ మీదున్న ప్రభుత్వ ఉద్యోగులు, ఎన్నికల సంఘం అనుమతించినవాళ్లు, అభ్యర్థులు, వాళ్ల ఏజెంట్లు, ఓటర్లు, ఓటరు చంకనున్న పసిబిడ్డ, చూపులేని లేదా అశక్త ఓటరుకు తోడొచ్చినవాళ్లు. అంతే. 'పరిశీలకుడు' అంటే రాష్ట్ర ఎన్నికల సంఘం పంపే అధికారి, మామూలుగా సాధారణ పరిశీలకుడొకరు, వ్యయ పరిశీలకుడొకరు ఉంటారు. పిల్లలు ఉపయోగపడాలంటే ముందు వారంలో ఇంటింటికీ తిరిగి ఎవరు గల్ఫ్‌లో, ఎవరు చనిపోయారు, ఎవరు ఇంటికి వచ్చారు అని వరుస నంబర్లతో జాబితా చేయమనండి. పోలింగ్ రోజు మీ చేతిలో ఉండాల్సిన అసలు ఆయుధం అదే. అధికారి దగ్గర కూడా ఏఎస్‌డీ జాబితా (ఊళ్లో లేనివాళ్లు, వేరేచోటికి మారినవాళ్లు, చనిపోయినవాళ్ల పేర్లు) ఉండొచ్చు. అందులో పేరున్నవాడు వస్తే గుర్తింపు గట్టిగా చూస్తారు, అంతేగానీ వెనక్కి పంపరు. దుబాయ్ నుంచి ఓటుకే వచ్చినవాడూ ఉంటాడు కదా!

మీరు చేయకూడనివి కొన్ని. ఫోన్ లోపలికి తేవద్దు. అభ్యర్థి గుర్తున్న చొక్కా, బ్యాడ్జీ వద్దు. మీరు టిక్కులు పెట్టుకున్న జాబితా కాపీ మధ్యలో బయటికి తీసుకెళ్లొద్దు, ఇంకా ఎవరు రాలేదో చీటీ మీద రాసి బయటికి పంపొద్దు. బాత్రూంకు వెళ్లినా కాపీ అక్కడే ఉండాలి. ఓటరుతో నేరుగా మాట్లాడొద్దు, ఏదున్నా అధికారికే చెప్పండి.

కొత్త_ఏజెంట్:
చాలా థ్యాంక్సన్నా. ఇంకో రెండు. అసలు ఓటరు వచ్చేసరికే అతని ఓటు ఎవరో వేసి ఉంటే? కొందరు ముద్ర వేశాక బ్యాలెట్ ఎత్తి బయటివాళ్లకు చూపిస్తారు, దానికేం చేయాలి?

పీవో_రిటైర్డ్:
జప్తు సవరణ సరైనదే.

మొదటిదానికి టెండర్ ఓటు. వచ్చినవాడు అసలు ఓటరేనని ప్రశ్నలకు జవాబులతో అధికారికి నమ్మకం కలిగితే, వేరే జాబితాలో సంతకం తీసుకుని టెండర్ బ్యాలెట్ ఇస్తారు. వెనకవైపు 'టెండర్ బ్యాలెట్' అని అధికారి రాసి సంతకం పెట్టి ఉంటుంది. ముద్ర వేశాక అది పెట్టెలో పడదు, ప్రత్యేక కవర్లోకి వెళ్తుంది, మామూలు లెక్కింపులో కలపరు. మరెందుకు అంటారా? ఫలితాన్ని సవాలు చేస్తూ ఎన్నిక పిటిషన్ పడితే అప్పుడు పనికొస్తుంది. అందుకే ఓటరు కోపంతో ఇంటికి వెళ్లిపోకుండా టెండర్ ఓటు అడిగేలా చూడండి.

బ్యాలెట్ చూపిస్తే వెంటనే అధికారికి చెప్పండి. హెచ్చరించినా వినకపోతే ఆ కాగితం వెనక్కి తీసుకుని రద్దు చేస్తారు. పెట్టెలో పడకముందే చెప్పాలి.

గణన_బల్ల:
అందరూ పోలింగ్ గురించే మాట్లాడుతున్నారు గానీ పంచాయతీలో ఫలితం మారేది లెక్కింపు బల్ల దగ్గరే. తెలంగాణలో 2025 డిసెంబరు విడతల్లో పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా, లెక్కింపు అదే రోజు 2 నుంచి. మధ్యలో ఊపిరి తీసుకునే టైం లేదు. ఉదయం 6 కల్లా చేరి, ఖాళీ పెట్టె చూసి, దానికి వేసే పేపర్ సీల్ నంబరు రాసుకోండి. 1 గంటకు వరుసలో నిలబడ్డవాళ్లకు చివరివాడి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు చేరకుండా చూసుకోండి. మూసేశాక బ్యాలెట్ పత్రాల లెక్క కాపీ అడిగి తీసుకోండి. పెట్టెలో పడినవి, మిగిలినవి, చెడిపోయినవి, రద్దయినవి, టెండర్‌వి కలిపితే కేంద్రానికి వచ్చినవాటితో సరిపోవాలి.

లెక్కింపులో గులాబీ కాగితాలు సర్పంచ్‌వి, తెల్లవి వార్డు సభ్యులవి. వార్డు ఫలితం ముందు, సర్పంచ్ తర్వాత. 25 చొప్పున కట్టలు కడతారు. ప్రతి కట్టలో అన్నీ ఒకే గుర్తువేనా చూడండి, పక్క అభ్యర్థి కాగితం ఒకటి దూరితే తేడా రెండు ఓట్లవుతుంది. చెల్లని ఓటుగా పక్కన పెట్టేవి: ముద్ర లేనివి, ఇద్దరికి వేసినవి, ముద్ర బదులు పెన్నుతోనో వేలితోనో గుర్తు పెట్టినవి, ఓటరు ఎవరో తెలిసేలా రాసినవి. మడతపెట్టినప్పుడు సిరా అచ్చు అవతలివైపు పడితే మాత్రం చెల్లుతుంది. అసలు ముద్రకు అది అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటుంది, ఆ తేడా చూపించి వాదించండి.

మళ్లీ లెక్కించాలంటే కారణాలు రాసి స్టేజ్-2 ఆర్వోకు (పోలింగ్, లెక్కింపు చూసే రిటర్నింగ్ అధికారికి) ఇవ్వాలి, అదీ ఫలితం ప్రకటించకముందే. తెల్ల కాగితం, పెన్ను మీ దగ్గరే పెట్టుకోండి. ప్రకటించాక ఆర్వో చేతుల్లో ఏమీ ఉండదు. రాజ్యాంగం 243-ఓ ప్రకారం ఎన్నిక పిటిషనొక్కటే దారి.