మధ్య షాఫ్ట్‌కు రెండు 30206 టేపర్ బేరింగులు: డ్రైవ్ కేసు సాల్వ్ అవుతోంది, కోస్ట్ కేసు ఎందుకు కావట్లేదు?

గేర్‌ట్రైన్_62
రెండు స్టేజీల హెలికల్ రిడక్షన్ బాక్సు. మధ్య షాఫ్ట్‌కు రెండు చివర్లా 30206, బేరింగ్ సెంటర్ల మధ్య 110 మి.మీ., హౌసింగ్ అల్యూమినియం. బేరింగులను సాఫ్ట్‌వేర్ కేటలాగు నుంచే తెచ్చి పెట్టాను. టార్క్ గుర్తు మార్చి కోస్ట్ కేసు (టార్క్ ఎదురు దిశలో వచ్చే స్థితి) పెడితే షాఫ్ట్ యాక్సియల్‌గా, అంటే తన అక్షం వెంట, జారిపోతోంది, కన్వర్జ్ కావట్లేదు (లెక్క ఒక జవాబు దగ్గర నిలవట్లేదు). షాఫ్ట్‌కు ఒక గ్రౌండ్ స్ప్రింగు (షాఫ్ట్‌ను స్థిర బిందువుకు కట్టే, మోడల్లో మాత్రమే ఉండే స్ప్రింగు) తగిలిస్తే నడిచింది. అలా ఉంచేయొచ్చా? డ్రాయింగులో ప్రీలోడ్ (బేరింగులను ముందే బిగించే మేర) 0.02 మి.మీ. అని ఉంది. దాన్ని దూరంగానే ఇవ్వాలా, న్యూటన్లలోకి మార్చాలా? ఇంకోటి, హౌసింగ్ స్టిఫ్‌నెస్‌ను ఎఫ్‌ఈ (ఫైనైట్ ఎలిమెంట్) మోడల్ నుంచి తెచ్చాక ఎడమ బేరింగ్ దగ్గర 4 మిల్లీరేడియన్ల మిస్‌అలైన్‌మెంట్ చూపిస్తోంది. నమ్మొచ్చా?

షిమ్‌ప్లేట్
స్ప్రింగు ముందు తీసేయండి. బేరింగు మోయాల్సిన యాక్సియల్ లోడును అది మోస్తోంది, మీకు కనిపించే బేరింగ్ లైఫ్ (ఆయుష్షు) నిజం కాదు. కన్వర్జెన్స్ కోసం తప్పదనుకుంటే చాలా మెత్తని స్ప్రింగు పెట్టి, సాల్వ్ అయ్యాక దాని రియాక్షన్ చూడండి. గేర్ యాక్సియల్ ఫోర్సులో 1 శాతం దాటితే ఆ ఫలితం పనికిరాదు.

మీ లక్షణాలు చూస్తే రెండు బేరింగులూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. కేటలాగు నుంచి తెచ్చిన ప్రతి బేరింగూ డిఫాల్ట్ దిశలోనే కూర్చుంటుంది, రెండో దాన్ని మనమే తిప్పాలి. టేపర్ బేరింగు ఒక్కోటి ఒక దిశలోనే యాక్సియల్ లోడు ఆపుతుంది. డ్రైవ్‌లో రెండూ కలిసి ఆపుతున్నాయి, కోస్ట్‌లో ఆపేది ఏదీ లేదు.

తిప్పేటప్పుడు ఏది తిప్పుతున్నారో చూసుకోండి. రోలర్ల లావు చివరలు లోపలికి, అంటే ఒకదానికొకటి ఎదురుగా ఉంటే ఎక్స్ అమరిక. బయటికి ఉంటే ఓ అమరిక. రెండూ సాల్వ్ అవుతాయి, జవాబులు మాత్రం వేరు. 30206కు ప్రెజర్ సెంటర్ (లోడ్ సెంటర్ అన్నా ఇదే, బేరింగు లోడు రేఖ షాఫ్ట్ అక్షాన్ని తాకే చోటు) ఔటర్ రింగు వెనుక ముఖం నుంచి సుమారు 14 మి.మీ., మొత్తం వెడల్పు 17.25. మీ 110 మి.మీ.కి ఎక్స్‌లో లోడ్ సెంటర్ల మధ్య దూరం 99 మి.మీ. అవుతుంది, ఓలో 121. రియాక్షన్లు, షాఫ్ట్ వాలు అన్నీ దీన్ని బట్టే. కవర్ కింద షిమ్ (పలుచని రేకు) పెట్టి కప్పును (ఔటర్ రింగును) నెట్టే బాక్సయితే మీది ఎక్స్.

తర్వాత ఒక చెక్. రెండు బేరింగుల యాక్సియల్ రియాక్షన్లను గుర్తులతో కూడితే రెండు గేర్ల నికర యాక్సియల్ ఫోర్సుకు సమానమై, ఎదురు దిశలో ఉండాలి. ఆ నికర ఫోర్సు మరీ ఎక్కువగా ఉంటే హెలిక్స్ హ్యాండ్ (గేరు పళ్లు ఎడమకు వాలాయా, కుడికా) చూడండి. మధ్య షాఫ్ట్ మీద రెండు గేర్లదీ ఒకే హ్యాండ్ అయితేనే ఫోర్సులు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి.

కప్_కోన్
పైన చెప్పినదంతా సరే. ప్రీలోడ్ గురించి నేను చెప్తా, నా లెక్కన అసలు సమస్య అక్కడుంది.

దూరంగానే ఇవ్వండి. ఫోర్సుగా ఇస్తే చాలా మోడళ్లలో అది స్థిరంగా ఉండిపోతుంది, వేడికి మారదు. డ్రాయింగులోని 0.02 అనేది 20 డిగ్రీల దగ్గర అసెంబ్లీ విలువ. గుర్తు కూడా చూసుకోండి, కొన్ని సాఫ్ట్‌వేర్లలో ప్లస్ అంటే ప్లే (వదులు), కొన్నిట్లో ప్రీలోడ్. లోడు లేకుండా ఒక కేసు నడిపితే తెలిసిపోతుంది: ప్రీలోడ్ ఉంటే రెండు బేరింగుల్లోనూ ఎదురెదురు రియాక్షన్లు కనిపించాలి.

ఇప్పుడు వేడి. అల్యూమినియం వ్యాకోచం డిగ్రీకి సుమారు 23, స్టీలు 11.5, మిలియన్‌లో వంతులుగా. ఎక్స్ అమరికలో కప్పుల వెనుక ముఖాల మధ్య 127 మి.మీ. హౌసింగ్ 80 డిగ్రీలకు వెళ్తే 127 × 11.5 (రెండు లోహాల తేడా) × 60, అంటే 0.088 మి.మీ. వదులవుతుంది. షాఫ్ట్ ఇంకో 10 డిగ్రీలు వేడిగా ఉంటే 0.015 వెనక్కి వస్తుంది. నికరంగా మీ 0.02 ప్రీలోడ్ పోయి 0.05 ప్లే మిగులుతుంది. అదే −20 డిగ్రీల స్టార్టులో 0.058 అదనంగా బిగుస్తుంది. కాబట్టి చల్లని, అసెంబ్లీ, వేడి కేసులు మూడూ నడపాలి, ఒక్క కేసుతో సంతకం పెట్టకండి.

కప్పు ఫిట్ కూడా మోడల్లో ఇవ్వండి. 62 మి.మీ. బోరు అదే 60 డిగ్రీలకు కప్పు కంటే 43 మైక్రాన్లు ఎక్కువ పెరుగుతుంది. బిగుతు ఫిట్ వదిలేసిన కొద్దీ కప్పు తెరుచుకుంటుంది. 30206 కాంటాక్ట్ కోణం సుమారు 14 డిగ్రీలు, కాబట్టి వ్యాసంలో ప్రతి 10 మైక్రాన్లకూ యాక్సియల్‌గా దాదాపు 20 మైక్రాన్ల ప్లే వస్తుంది. బిగుతు పూర్తిగా పోతే కప్పు బోరులో తిరగడం మొదలుపెడుతుంది, దాన్ని ఏ లైఫ్ లెక్కా చూపించదు.

ఈ ప్లే మామూలు ఐఎస్ఓ 281 ప్రమాణం లైఫ్ లెక్కలో కనపడదు. రోలర్ల మధ్య లోడు ఎలా పంచుకుంటుందో చూసే ఐఎస్ఓ 16281 పద్ధతిని ఎంచుకోండి. రోలర్ బేరింగుకు లైఫ్ లెక్కలో లోడు ఘాతం 10/3. ఈక్వివలెంట్ లోడు ఒకటిన్నర రెట్లయితే లైఫ్ దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

నోడ్_మెష్
4 మిల్లీరేడియన్లంటే దాదాపు 14 ఆర్క్ నిమిషాలు. టేపర్ రోలర్లు మామూలుగా 2 నుంచి 4 నిమిషాలే ఓర్చుకుంటాయి. హౌసింగ్ నిజంగా అంత వంగుతోందని తేల్చేముందు ఎఫ్‌ఈ నుంచి తెచ్చిన స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ చూడండి.

మొదట యూనిట్లు: ఎఫ్‌ఈ మి.మీ.లో, ఇంపోర్ట్ మీటర్లలో ఉంటే వెయ్యి రెట్లు తేడా. తర్వాత అక్షాలు: ఎఫ్‌ఈలోని నిలువు అక్షం డ్రైవ్‌లైన్ మోడల్‌లో షాఫ్ట్ అక్షంగా మారిపోయిందేమో. బేరింగ్ నోడ్ (ఎఫ్‌ఈలో బేరింగును సూచించే బిందువు) కప్పు వెడల్పు మధ్యలో ఉందా, బోరు అంచున ఉందా అన్నదీ చూడండి. అంచున ఉంటే లేని మొమెంటు వస్తుంది. నోడ్‌ను బోరుకు కలిపిన తీరు కూడా ముఖ్యం. రిజిడ్ ఎలిమెంటుతో కలిపితే బోరు ఉన్నదానికంటే గట్టిగా, సగటు తీసే ఎలిమెంటుతో అయితే మెత్తగా కనిపిస్తుంది. ఔటర్ రింగును ఎఫ్‌ఈలో సాలిడ్‌గా మెష్ చేసి, దాని లోపలి ముఖానికి సగటు ఎలిమెంటు తగిలించడం నాకు నచ్చిన పద్ధతి.

వీటన్నిటికీ ఒకే పరీక్ష ఉంది. ఎఫ్‌ఈలో ఆ నోడ్ మీద 1000 న్యూటన్లు పెట్టి కదలిక చూడండి, అదే లోడు కండెన్స్ చేసిన (కొన్ని నోడ్‌లకే కుదించిన) మ్యాట్రిక్స్ మీద పెట్టి పోల్చండి. మూడు దిశల్లోనూ కలవాలి.

గేర్‌ట్రైన్_62
కుడి బేరింగ్ తిప్పాను, స్ప్రింగు తీసేశాను. కోస్ట్ కన్వర్జ్ అయింది, యాక్సియల్ రియాక్షన్ల మొత్తం సరిపోయింది. ఎఫ్‌ఈ నోడ్ బోరు అంచునే ఉంది, మార్చి మళ్లీ కండెన్స్ చేస్తున్నాను. ఇదే మోడల్ నుంచి ఎన్‌వీహెచ్ (శబ్దం, కంపనాలు చూసే) టీముకు బేరింగ్ స్టిఫ్‌నెస్ ఒక్క నంబరుగా ఇస్తే సరిపోతుందా?

కప్_కోన్
సరిపోదు. రోలర్ల లైన్ కాంటాక్టులో లోడు డిఫ్లెక్షన్‌కు 10/9 ఘాతంలో పెరుగుతుంది, బాల్ బేరింగులో 1.5 ఘాతంలో. దానికి తోడు ప్లే ఉంటే లోడు మోసే రోలర్ల సంఖ్యే మారిపోతుంది. ప్రతి టార్క్ పాయింటు దగ్గరా లీనియరైజ్ చేసిన (ఆ పాయింటు చుట్టూ సరళరేఖగా తీసుకున్న) 5×5 స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ ఇవ్వండి, ఆఫ్‌డయాగొనల్ టర్ములతో సహా. టేపర్‌లో యాక్సియల్, రేడియల్ దిశలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, ఆ టర్ములు సున్నా చేస్తే కంపన మోడ్‌లు తప్పు ఫ్రీక్వెన్సీలో వస్తాయి. వేడి కేసు మ్యాట్రిక్స్ విడిగా ఇవ్వండి.