మొదటి ఇల్లు కొనే స్థోమత మాకు వచ్చినట్టేనా?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):
నేను రేణిగుంట దగ్గర ఒక పరిశ్రమలోనూ, నా భార్య ఒక ప్రైవేటు పాఠశాలలోనూ పని చేస్తున్నాము. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 68,000 రూపాయలు చేతికి వస్తాయి. అందులో అద్దెకు 11,000, కారు వాయిదాకు 8,500 పోతాయి. కరకంబాడి రోడ్డు వైపు రెండు పడక గదుల ఫ్లాటు ఒకటి చూశాము. నిర్మాణం పూర్తయింది, ధర 42 లక్షలు. మా దగ్గర 9 లక్షలు ఉన్నాయి. అద్దెకు మరికొంత కలిపితే సొంతిల్లే వస్తుంది కదా అని మా మామగారు శ్రావణంలోనే అడ్వాన్సు ఇచ్చేయమంటున్నారు. మేము సిద్ధంగా ఉన్నామో లేదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1 (బ్యాంకు గృహరుణాల విభాగంలో పని చేసి విరమించాను):
అద్దెనూ వాయిదానూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఇది తేలికగానే కనబడుతుందండీ. మీరు ముందు రిజిస్ట్రేషన్ రోజు లెక్క వేయండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే రుణం ఇంటి విలువలో 80 శాతాన్ని మించకూడదు కనుక మీకు అత్యధికంగా వచ్చేది 33.6 లక్షలు, మిగిలిన 8.4 లక్షలు మీరే పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో సుమారు 7.5 శాతం, అంటే మరో 3.15 లక్షలు, ఈ ఖర్చును ఇంటి విలువలో చేర్చి రుణం లెక్కగట్టరు. కప్‌బోర్డులు, గృహప్రవేశం మాట ఎత్తకముందే పదకొండున్నర లక్షలు దాటింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి సిద్ధమని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) వచ్చిన ఫ్లాటైతే జీఎస్టీ ఉండదు, అంతవరకు మేలు.

ఇక వాయిదా. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే నెలకు దాదాపు 29,000. కారు వాయిదాతో కలిపితే మీ రాబడిలో సగానికి పైగా అప్పులకే పోతుంది. తక్కువ పడిన సొమ్ముకు నగలు కుదువ పెట్టడమో, వ్యక్తిగత రుణం తీసుకోవడమో చేయాల్సి వస్తే ఇంకా సమయం రాలేదని అర్థం. అన్ని ఖర్చులూ పోగా ఆరు నెలల ఇంటి ఖర్చూ వాయిదాలూ ఖాతాలో మిగిలితేనే ముందుకు వెళ్లమని నేను చెబుతాను. కారు రుణం తీరేదాకా ఆగి, ఈలోగా వాయిదాకూ అద్దెకూ ఉన్న తేడా 18,000ను ప్రతి నెలా విడిగా జమ చేసి చూడండి. అది కష్టమనిపిస్తే మీకు తగ్గ ధర 42 లక్షలు కాదన్నమాట.

ఇంకొకటి: అమ్మేవారు కొంత సొమ్మును లెక్కలో చూపకుండా నగదుగా అడిగితే, అగ్రిమెంటు విలువతో పాటు మీ రుణమూ తగ్గుతుంది. ఆ దారికి వెళ్లకండి.

జవాబు 2 (చిత్తూరు):
డబ్బు సిద్ధంగా ఉన్నా కాగితాలు సిద్ధంగా లేకపోతే ప్రయోజనం లేదు. తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు, దేవాదాయ భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం అసైన్ చేసిన భూములు) ఎక్కువ కాబట్టి ఆ సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చూడండి. 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు దస్తావేజులు (పాత యజమానుల నుంచి వరుసగా వచ్చిన పత్రాలు), తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లాను, మీకు వచ్చే అవిభక్త స్థలపు వాటా (అందరికీ ఉమ్మడిగా ఉండే స్థలంలో మీ వంతు), ఇవన్నీ మీ సొంత న్యాయవాదికి చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి. బ్యాంకు రుణం ఇచ్చినంత మాత్రాన హక్కుకు హామీ దొరికినట్టు కాదు.

జవాబు 3 (ఎం.ఆర్. పల్లె):
పై లెక్కలు సరైనవే కానీ, పూర్తిగా సిద్ధమయ్యేదాకా ఆగుదామనుకునేవారు ఆగిపోతూనే ఉంటారు. ఇదే ధరలో కావాలని పట్టుబట్టకుండా 30, 32 లక్షలలో కాస్త పాత ఫ్లాట్లు కూడా చూడండి, రుణం 30 లక్షల లోపైతే 90 శాతం వరకూ ఇచ్చే వీలుంది. ఏది చూసినా అక్కడి అద్దెదారులను వేసవిలో బోరు అడుగంటుతుందా, ట్యాంకరు ఖర్చు ఎవరిది, 2021 నవంబరు వానలకు సెల్లారులో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయి అని అడగండి. అమ్మేవారి కంటే వాచ్‌మన్ నిజం చెబుతాడు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. అడ్వాన్సు ఇవ్వడం ప్రస్తుతానికి ఆపాము. మామగారు 3 లక్షలు ఇస్తానంటున్నారు. దాన్ని మా సొమ్ముగా లెక్కవేసుకోవచ్చా?

జవాబు 1:
తిరిగి ఇవ్వనవసరం లేని సొమ్మైతే వేసుకోవచ్చు. మామగారు ఇచ్చే కానుకపై మీకు ఆదాయపు పన్ను పడదు. నగదుగా కాకుండా ఖాతా ద్వారా ఇప్పించుకుని, కానుకగా ఇస్తున్నట్టు ఒక పత్రం రాయించుకోండి, బ్యాంకు అడిగితే చూపవచ్చు. చేబదులైతే మాత్రం దాన్ని కూడా నెలవారీ వాయిదాలలోనే కలిపి లెక్క చూడండి.