అన్నం మానేయలేకపోతున్నాను, మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నిలబడే మార్పు ఎలా?

నిమ్మచెట్టు (కూకట్‌పల్లి):
అందరికీ నమస్తే. నాకు 39 ఏళ్లు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్‌కు ముందు దశ అని, 6.5కి చేరితే షుగర్ కిందే లెక్క అని డాక్టర్ చెప్పారు. మందులు రాయలేదు. తిండి మార్చుకుని, రోజూ నడిచి, నాలుగు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. మా నాన్నకు 44 ఏళ్లకే షుగర్ వచ్చింది, కాలి పుండుతో ఆయన పడ్డ బాధ దగ్గరుండి చూశాను, అందుకే రిపోర్ట్ చూసిన రోజు నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

ఇప్పటికి మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి అన్నం పూర్తిగా మానేసి రెండు పూటలా చపాతీ తిన్నాను, 18 రోజులకే విసుగొచ్చింది. రెండోసారి వీడియోలు చూసి కొర్రలు, అరికెలు, సామలు తలా కిలో తెచ్చాను. ఇంట్లో అందరికీ ఒక వంట, నాకు ఒక వంట అయ్యేసరికి నెల తిరక్కుండానే ఆగిపోయింది. మూడోసారి రాత్రి పళ్లు మాత్రమే తిని పడుకునేదాన్ని, 11 గంటలకి ఆకలికి తట్టుకోలేక మిక్చర్ డబ్బా తీసేదాన్ని.

ఇంట్లో వంట మా అత్తయ్య చేస్తారు. నేను 8:30కి బయలుదేరి రాత్రి 8 దాటాక ఇల్లు చేరతాను. పొద్దున ఇడ్లీనో ఉప్మానో, మధ్యాహ్నం క్యారేజీ, సాయంత్రం టీతో బిస్కెట్లు, రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ అన్నం. ఆవిడ మనసు నొప్పించకుండా, ఇంకో ఇరవై ఏళ్లైనా కొనసాగించగలిగేలా ఎక్కడ మొదలుపెట్టాలి? నిజంగా చేసి చూసినవాళ్లు చెప్పండి.

పల్నాటి మాస్టారు:
అమ్మా, నాకు 63. ఆరేళ్ల కింద నీలాగే రిపోర్ట్ పట్టుకుని కూర్చున్నాను, నేనూ మొదట అన్నం మీదే పడ్డాను. తర్వాత ఒకరోజు తింటూ తింటూ గమనించాను. మనం అన్నం ఒకసారి పెట్టుకోం. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, చారులోకి ఒకసారి, చివర పెరుగులోకి ఇంకోసారి. నాలుగుసార్లు కొంచెం కొంచెమే అనుకుంటూ పెట్టుకుంటే అరకిలో అన్నం ఎప్పుడు లోపలికి వెళ్లిందో తెలియదు. అసలు మన ఇళ్లలో ఏది వండినా అన్నంలో కలుపుకోవడానికే వండుతాం. పప్పు ఉత్తగా గిన్నెలో పోసుకుని తినేవాళ్లు ఎంతమంది ఉన్నారు?

నేను చేసింది ఇది. మొదటి నెల చారు అన్నం ఒక్కటే మానేశాను, చారు మాత్రం మానలేదు. మిరియాల చారు గ్లాసులో పోసుకుని భోజనానికి ముందు తాగాను. అంతే, ఆ నెల ఇంకేమీ మార్చలేదు, ఆవకాయ కూడా మానలేదు. రెండో నెల రాత్రి పూట పెరుగన్నం బదులు మజ్జిగ. మూడో నెలకి కూర ఎక్కువ, అన్నం తక్కువ చేద్దామని చూస్తే అసలు చిక్కు అక్కడ వచ్చింది: కూర ఎక్కువ తినలేకపోయాను. ఉప్పు, కారం! ఒక ముద్ద కూర నాలుగు ముద్దల అన్నానికి సరిపోయేలా ఉప్పూ కారం వేసి వండుతాం, దాన్ని ఉత్తగా ఎలా తింటాం? దాహం వేస్తుంది, నోరు మండుతుంది, మళ్లీ అన్నమే అడుగుతుంది.

కాబట్టి ముందు కూరలో ఉప్పూ కారం తగ్గాలి, అప్పుడే కంచంలో కూర పెరుగుతుంది, అన్నం దానంతటదే తగ్గుతుంది. మా ఇంట్లో ఉప్పు ప్యాకెట్ మీద తెరిచిన తేదీ రాయడం మొదలుపెట్టాం. మా ఇద్దరికీ కిలో ప్యాకెట్ నలభై రోజులే వచ్చేది, అంటే మనిషికి రోజుకు పన్నెండు గ్రాముల పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాముల లోపు ఉండాలంటుంది, అది సుమారు ఒక టీస్పూను, అందులోనే పచ్చళ్లు, అప్పడాలు, బయటి చిరుతిళ్లలోని ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది. మేం వారానికి ఇంత అని కొంచెం కొంచెంగా తగ్గించాం. మొదటి మూడు వారాలు చప్పగా ఉందని మా ఆవిడా నేనూ ఇద్దరం అన్నాం. రెండు నెలలయ్యాక పెళ్లి భోజనానికి వెళితే అక్కడి కూర ఉప్పుకషాయంలా అనిపించింది. నాలుక మారుతుందమ్మా, కాకపోతే దానికి టైం ఇవ్వాలి.

అనంత జొన్న:
మాస్టారు గారూ, మీరు పెద్దవారు, గౌరవం ఉంది కానీ ఒప్పుకోలేను. ఇలా గరిటెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పని అవ్వదు. మాది అనంతపురం వైపు, మా తాత జొన్న సంగటి, కొర్రన్నం తిని 80 ఏళ్లు వచ్చేదాకా పొలం పని చేశాడు, వరి అన్నం అంటే ఆయనకి పండగ రోజు తిండి. అక్కా, మీరు పాలిష్ బియ్యం ఇంట్లోకి తేవడమే ఆపేయండి. నేను ఏడాదిగా జొన్న రొట్టె తింటున్నాను, ఏడు కిలోలు తగ్గాను.

తార్నాక దారి:
నేను న్యూట్రిషన్ చదివాను, ఆసుపత్రిలో డైట్ చార్టులు రాయడం నా రోజువారీ పని. అనంత గారూ, జొన్న మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములుంటే జొన్నల్లో, రాగుల్లో కూడా 67 దాకా ఉంటుంది. పెద్ద తేడా పీచులో ఉంది, బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు, జొన్నల్లో పది పైన. మీ తాతగారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాగలి పట్టారు, ఆ పని కూడా లెక్కలో వేయాలి. కొర్రన్నమైనా పళ్లెం నిండా పెట్టుకుంటే షుగర్ పెరుగుతుంది, రాగుల్ని మెత్తగా పిండి చేసి జావ కాచి గ్లాసులు గ్లాసులు తాగినా అంతే. అలాగే మన తెలంగాణ సోనా బియ్యం, ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే లెక్క) తక్కువని చాలామంది కొంటున్నారు. కొనండి, మంచి రకం. కానీ ఆ పేరు చెప్పి ఇంకో గరిటె ఎక్కువ వేసుకుంటే లాభం పోయినట్టే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు కావాల్సిన మనిషికి వాళ్లు చెప్పిన లెక్క: బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు 400, పళ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె 27 గ్రాములు. ధాన్యాల బరువు వండక ముందుది అని గుర్తుంచుకోండి. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైనే కూరగాయలు కావాలన్నమాట. పూటకి అరకిలో వంకాయలు నలుగురూ పంచుకునే ఇల్లే నాకు ఎక్కువగా కనిపిస్తుంది. మాస్టారు చెప్పిన ఉప్పు సంగతి ఎందుకు సరైనదో ఇక్కడ తెలుస్తుంది, 400 గ్రాముల కూర ఆ ఉప్పుతో ఎవరూ తినలేరు.

నూనెకి ఇంకో సులువు. రోజుకు 27 గ్రాములంటే మనిషికి నెలకు లీటరుకి కాస్త తక్కువ. నెలకి ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో ఇంట్లో మనుషులతో భాగించి చూడండి. వాడిన నెయ్యి కూడా ఇందులో కలపాలి.

ఇంకో రెండు మాటలు, ఇవి చాలా ముఖ్యం. నిమ్మచెట్టు గారికి మందులు లేవు కాబట్టి ఫర్వాలేదు. ఇది చదివేవాళ్లలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లుంటే డాక్టర్‌కి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, షుగర్ పడిపోవచ్చు, అది ప్రమాదం. కిడ్నీ సమస్య ఉంటే పప్పు ఎంత తినాలో కూడా అడిగే తినండి. రెండోది ఆడవాళ్లకి: భోజనం అవగానే టీ తాగకండి, తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఆ ఐరన్ బాగా అందుతుంది.

వంటిల్లు నాదే (విజయవాడ):
అమ్మాయ్, నేను అత్తగారిని. నాకు 61, మా ఇంట్లో వంట నాదే. నా వైపు నుంచి ఒక మాట చెబుతాను. పోయినేడు మా కోడలు నేను వండిన కూర పక్కన పెట్టి డబ్బాలోంచి ఓట్స్ తీసి కలుపుకుని తినేది. ఏమీ అనలేదు గాని నాకు చాలా బాధ వేసింది. ఏదో తప్పు చేసిన దానిలా అనిపించింది. నెల తర్వాత డాక్టర్ కాగితం నా చేతిలో పెట్టి, అత్తయ్యా ఇదీ సంగతి, మీరే ఏదైనా దారి చూపించండి అంది. ఆ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే ఆ నెల ఇద్దరికీ కలిసొచ్చేది. మీ అత్తయ్యకి రిపోర్ట్ చూపించావా? మీ నాన్నగారి విషయం చెప్పావా? ముందు అది చెయ్యి.

వంట సంగతికొస్తే కొత్త వంటలేవీ అక్కర్లేదు, మన పాత వంటల్లోనే ఉన్నాయి. మా ఇంట్లో రోజూ వేపుడు ఉండాల్సిందే, బెండకాయో దొండకాయో ఆలుగడ్డో. వారంలో నాలుగు రోజులు దాన్ని మార్చాను. బీరకాయ పెసరపప్పు, పొట్లకాయ పాలు పోసిన కూర, అరటికాయ ఆవ పెట్టి, క్యాబేజీ శనగపప్పు. వీటికి పోపు నూనె చాలు, గిన్నెడు తిన్నా నోరు మండదు. పప్పులో ఆకుకూర రెండు కట్టలు వేసేదాన్ని నాలుగు వేస్తున్నాను, పప్పు గట్టిగా ఉంచుతున్నాను. గోంగూర మాత్రం రెట్టింపు వెయ్యకు, పులుపు ఎక్కువై మళ్లీ ఉప్పు వెయ్యాల్సి వస్తుంది. ఉప్పు తగ్గిస్తే చప్పగా ఉంటుందనేవాళ్లకి, పోపులో ఇంగువ, కరివేపాకు, వెల్లుల్లి కాస్త ఎక్కువ వేసి దించాక నిమ్మరసం పిండితే లోటు తెలియదు. పొద్దున ఉప్మా ఉత్త రవ్వతో కాకుండా సగం క్యారెట్, బీన్స్, బఠాణీ వేస్తాను. వారానికి రెండుసార్లు పెసరట్టు, రాత్రి నానబెడితే చాలు, పులియబెట్టే పనే లేదు.

వడ్డించేటప్పుడు ఇంకొంచెం, ఇంకొంచెం అని వేసే అలవాటు మా తరానికి ఉంది. అది ప్రేమతోనే చేస్తాం. ఇప్పుడు మా ఇంట్లో ఆ ఇంకొంచెం కూర గరిటెతో వేస్తున్నాను, అన్నం హస్తంతో కాదు.

రెండో షిఫ్ట్:
సాయంత్రం సంగతి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. నేను రాత్రి డ్యూటీ చేసేవాణ్ని, నా సమస్య అంతా చిరుతిండే. మధ్యాహ్నం ఒంటిగంటకి తిని రాత్రి తొమ్మిదిన్నర దాకా బిస్కెట్ల మీద ఉంటే ఎవరైనా అన్నం మీద పడతారు అక్కా, అది మీ తప్పు కాదు. ఐదింటికి ఒక కప్పు శనగ గుగ్గిళ్లు గానీ, పిడికెడు వేరుశనగలు గానీ, జామకాయ గానీ బ్యాగులో పెట్టుకోండి. ఆదివారం రాత్రి శనగలు నానబెట్టి పొద్దున ఉడికించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు వస్తాయి. టీలో చక్కెర ఒకేసారి మానకండి, నేను రెండు వారాలకోసారి పావు చెంచా తగ్గించాను. రెండు చెంచాల నుంచి అరచెంచాకి రావడానికి మూడు నెలలు పట్టింది. రోజుకి నాలుగు టీలు తాగేవాణ్ని, అంటే చక్కెరే ఎనిమిది చెంచాలు, లెక్క వేసుకున్నప్పుడు భయం వేసింది. మిక్చర్ డబ్బా ఇంటికి తేవడమే ఆపేశాం, ఇంట్లో ఉంటే రాత్రి 11కి ఎవరి చేతికైనా అందుతుంది.

నిమ్మచెట్టు (నాలుగు నెలల తర్వాత):
ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ అందరి జవాబులు ప్రింట్ తీసి అత్తయ్యకి చదివి వినిపించాను, విజయవాడ పెద్దమ్మ గారి మాటలు రెండుసార్లు చదివించుకున్నారు. రిపోర్ట్ చూసి, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

మొదటి నెల చారు గ్లాసులోకి మారింది. ఉప్పు తగ్గించడం మొదలుపెట్టాక మా ఆయన, పిల్లలు గొడవ చేశారు, పది రోజులు బల్ల మీద ఉప్పు డబ్బా పెట్టాం, తర్వాత అది అడగడం వాళ్లే మానేశారు. కూరలు రోజుకు ముప్పావు కిలో నుంచి కిలో పావుకి వచ్చాయి, తార్నాక దారి గారు చెప్పిన లెక్కకి ఇంకా చేరలేదు. వారంలో రెండు పూటలు అనంత గారు చెప్పిన జొన్న రొట్టె కూడా చేస్తున్నాం, అందరం తింటున్నాం కాబట్టి అది ఆగలేదు. ఐదింటికి గుగ్గిళ్లు. పెరుగన్నం మాత్రం వదల్లేకపోయాను, ప్రయత్నించిన వారం రోజులూ భోజనం చేసినట్టే లేదు, అందుకని దాన్ని మూడు చెంచాల అన్నానికి తెచ్చి అక్కడే ఉంచేశాను.

నిన్న రిపోర్ట్ వచ్చింది, 5.9. రెండున్నర కిలోలు తగ్గాను. ఇది చిన్న తేడానే, ఇలాగే ఉంటూ ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు డాక్టర్.

ఇప్పుడు రాత్రి భోజనం టైం మార్చాలనుకుంటున్నాను. ఇల్లు చేరగానే ఎనిమిదిన్నరకి పిల్లలతో కలిసి తినేస్తే బాగుంటుంది, కానీ మా ఆయన పది అయితే గాని రారు, ఆయన రాకముందే నేను తినేయడం అత్తయ్యకి ఎలా ఉంటుందో. ఈసారి మాత్రం ముందే అడుగుతాను.