అప్‌డేట్: అరకు వెళ్లివచ్చాం

హైదరాబాద్ నుంచి అరకుకు మేమిద్దరం, మా అమ్మ, ఇద్దరు పిల్లలు 25 వేలలో వెళ్లిరాగలమా అని అడిగాను. 22,400తో తిరిగి వచ్చాం. కారు వద్దు, రైలే మేలన్న మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుందని చెప్పారు కదా, ఆ ఉదయమే ఎనిమిదింటికి కూర్చుని విశాఖకు స్లీపర్ టికెట్లు తీశాను. ఏడేళ్ల పాపకు బెర్త్ వద్దన్నందుకు సగం చార్జీయే పడింది. నా పక్కనే పడుకుంది. నాలుగేళ్ల బాబుకు టికెట్టే అక్కర్లేదు. అమ్మకు రాయితీ దొరుకుతుందనుకున్నాను, కానీ వృద్ధుల రాయితీని 2020 మార్చిలోనే ఆపేశారట. అది మాత్రం బాధగా ఉంది.

విశాఖ నుంచి కిరండూల్ రైల్లో అద్దాల పెట్టె మానేసి మామూలు పెట్టె ఎక్కాం. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లల కేకలు! తెరిచిన కిటికీలోంచి వచ్చే ఆ కొండగాలి కోసమైనా నేను మళ్లీ అదే పెట్టె ఎక్కుతాను.

ఒక్క పొరపాటు: ఆదివారం వెళ్లాం. గది అద్దె ఎక్కువ పడింది, బొర్రా గుహల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. మీరు మంగళ, బుధవారాలు చూసుకోండి.